యెహోషువ గారి ఫస్ట్ రౌండ్

సౌదీలో రాస్ తనూరా రిఫైనరీ పక్కనున్న రహీమా ఊళ్ళో యెహోషువను ఇష్టపడని తెలుగువాడు లేడు. ఆయన ఫుట్‌బాల్ టీములో ఆడతానని ముందుకొచ్చేవాడూ లేడు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా పొసిగాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

యెహోషువది నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు మిషను బడి హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడ క్రికెట్ బ్యాటుకు దిక్కులేదు గాని, ఏ కాలంలోనో ఒక దొరగారు అంటించి వెళ్ళిన ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం వదల్లేదు. పొద్దున ప్రార్థన, సాయంత్రం బంతి. మనవాడు హాస్టల్ టీముకి రిజర్వు గోల్‌కీపరు, వాళ్ళ మాటల్లో గోలీ. రిజర్వు గోలీ ఆడాలంటే అసలు గోలీకి జ్వరమన్నా రావాలి, కాలన్నా బెణకాలి. ఆ అసలు గోలీ గుండ్రాయిలాంటివాడు, ఒక్కనాడు తుమ్మి ఎరగడు. అంచేత యెహోషువ హాస్టల్ జీవితమంతా గ్రౌండు గీతల మీద ముగ్గు పోయడంలోనూ, ఆడేవాళ్ళకి బిందెతో నీళ్ళు మోయడంలోనూ గడిచిపోయింది. దానికి బాధపడ్డాడా అంటే, పడ్డాడు. ఇప్పటికీ పడతాడు. కాకపోతే సౌదీ వచ్చాక సొంతంగా టీము పెట్టి ఆ బాధ కొంత తీర్చుకున్నాడు.

ఉద్యోగం రిగ్గర్ ఫోర్‌మన్. క్రేన్ నడిపేవాడికి కింద నిలబడి చేతులతో సైగలు చేయడం ఆయన పని. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువు పైకి లేస్తుంది, అరచెయ్యి చాపితే ఆగుతుంది. ఎంత పెద్ద ఇనుప గొట్టమైనా ఆయన వేలు చెప్పినట్టే లేచి, ఆయన వేలు చెప్పినట్టే దిగుతుంది. గ్రౌండు గీత పక్కన నిలబడినా ఆ చేతులు ఊరుకోవు. ముందుకెళ్ళమన్నా, వెనక్కి రమ్మన్నా అవే క్రేన్ సైగలు. కొత్తగా చూసినవాళ్ళు ఈయనకి వాతం వచ్చిందేమో అనుకుంటారు. టీము కుర్రాళ్ళకి మాత్రం ఆ సైగలన్నీ కొట్టిన పిండి.

ఇంట్లో ఆయన భార్య ప్రేమజ్యోతి, కూతురు కీర్తన. ప్రేమజ్యోతి ఊళ్ళోనే ఒక పాలీక్లినిక్‌లో నర్సు. కీర్తన పదో తరగతి. టీము పేరు గోదావరి సెవెన్స్. జట్టుకి ఏడుగురు ఆడే పోటీలు కాబట్టి ఆ పేరు.

ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఆరు టీములుండేవి. చలికాలం మొదలయ్యాక ప్రతి శుక్రవారం సాయంత్రం అబూ ఫహద్ అనే సౌదీ ఆసామి ఇస్తిరాహాలో ఆటలు జరిగేవి. ఇస్తిరాహా అంటే సెలవు రోజుల్లో అద్దెకిచ్చే తోట, చుట్టూ ప్రహరీ, లోపల ఒక గడ్డి గ్రౌండు. మొదట్లో ఎవరికి నచ్చినవాణ్ణి వాళ్ళు చేర్చుకునేవాళ్ళు. బాగా ఆడేవాళ్ళంతా పలుకుబడి ఉన్న రెండు టీముల్లోకి పోయేసరికి మిగతా నాలుగూ ఏడుపు ముఖాలతో మిగిలాయి. అప్పుడు లీగుకి పెద్దదిక్కయిన ఇంజనీరు సీతారామయ్య గారు ఒక పద్ధతి పెట్టారు. సీజను ముందు అందరి పేర్లూ చదువుతారు, టీములు వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకోవాలి. కిందటేడు అట్టడుగున ఉన్న టీముకి మొదటి వంతు.

ఫస్ట్ రౌండులో ఎంచుకున్న ఆటగాడంటే ఆ టీముకి కొత్తల్లుడే. వాడి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ వేయించి గ్రౌండు గోడకి కట్టాలి. ఫొటో కింద పేరు, వాడి కంపెనీ పేరు తెలుగులోనూ అరబ్బీలోనూ ఉండాలి. అల్లుణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టాలి. ఈ మర్యాదల్లో యెహోషువని మించినవాడు లేడు. ప్రేమజ్యోతి రొయ్యల వేపుడు కోసమైనా గోదావరి వాళ్ళు ఎంచుకుంటే బాగుండునని ఒకప్పుడు కుర్రాళ్ళు ఆశపడేవాళ్ళు.

ఆ ఆశ మూడు సీజన్లలో చచ్చిపోయింది.

మొదట యిర్మీయాని ఎంచుకున్నాడు. ఎడంకాలితో బంతిని దారం కట్టి లాగినట్టు లాగేవాడు. వాడి కంపెనీలో సౌదీల సంఖ్య చాలక, సర్కారు కంపెనీలకి రంగులిచ్చే నితాకత్ లెక్కలో ఆకుపచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి జారింది. ఎరుపులో పడిన కంపెనీవాళ్ళకి ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్లు, రెన్యూ కావు. ఫ్లెక్సీ రంగు వెలవక ముందే యిర్మీయా ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రానక్కర్లేదని కొట్టే వీసా మీద, ఇంటికి పోయాడు. తర్వాత కడప చాంద్ బాషా. మొబైల్ షాపులో పని. మొబైల్ షాపుల్లో ఇకమీదట సౌదీలే ఉండాలని హుకుం వచ్చింది, బాషా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇమ్మానుయేల్. వాడి కంపెనీకి ఏ ఢోకా లేదు. కాని కుటుంబాల మీద నెలనెలా లెవీ అని పన్ను మొదలయ్యేసరికి భార్యనీ పిల్లల్నీ పంపేసి, ఖాళీ ఇంట్లో ఉండలేక వాళ్ళ వెనకే తనూ పోయాడు. ఫస్ట్ రౌండు వాడు పోవడం, టీము అట్టడుక్కి చేరడం, దానివల్ల మళ్ళీ మొదటి వంతు గోదావరికే రావడం. గానుగెద్దు తిరిగినట్టు తిరిగిందే తిరుగుతోంది.

ఇవన్నీ సర్కారు చేసిన పనులని అందరికీ తెలుసు. తెలిసినా జనం నోరు ఊరుకుంటుందా. "యెహోషువ గారి చెయ్యి పడితే ఎగ్జిటే" అని ఒకడన్నాడు. పదిమంది నవ్వారు. నవ్వినవాళ్ళే మర్నాటినుంచి ఆయన్ని చూసి పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. అసలే రోజులు బాగాలేవు. మనుషుల మీద లెవీ పెరిగింది, బిల్డింగుల్లో ఫ్లాట్లు ఖాళీ అవుతున్నాయి, శుక్రవారం ఇళ్ళల్లో ప్రార్థనకు కూడేవాళ్ళు సగమయ్యారు. కొత్త ఆటగాడు వస్తే ఏ కాలితో కొడతావని అడగడం మానేసి, నీ కంపెనీ ఏ రంగని అడుగుతున్న కాలం. అలాంటప్పుడు ఎవడు మాత్రం తల పెడతాడు?

పైకి నవ్వేసినా ఆ మాట యెహోషువకి ముల్లులా గుచ్చుకుంది. పనిలో పెద్ద పెద్ద బరువులకి నమ్మే చెయ్యి, ఆటలో ఒక్క మనిషి భుజం మీద వేస్తే వాడు ఉలిక్కిపడుతున్నాడు. ఫస్ట్ రౌండులో ఎంచుకున్నవాడు ఒక్కసారైనా చివరి మ్యాచ్ దాకా తనతో ఉండాలని, గోదావరి ఒక్కసారైనా సెమీఫైనల్ చూడాలని ఆయన కోరిక. పెద్ద కోరికేం కాదు. అయినా తీరలేదు.

ఆ ఏడు ఆయన బాగా ఆలోచించి పునీత్ మీద కన్నేశాడు. పునీత్ కుర్ర ఇంజనీరు, పరుగందుకుంటే ఆపేవాడు లేడు. అన్నిటికీ మించి వాడిది ప్లాటినం రంగు కంపెనీ, సర్కారు దృష్టిలో ఆకుపచ్చ కంటే మేలిరకం. ఇంక వీడికి ఎగ్జిట్ ఎక్కణ్ణుంచి వస్తుందిలే అని యెహోషువ ధీమా. ఆ సంగతి ఎలా పొక్కిందో గాని, ఒక సాయంత్రం పునీతే ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

"అంకుల్, మీరంటే నాకు చాలా రెస్పెక్ట్. బట్ దయచేసి నన్ను పిక్ చేయకండి."

"అదేంటి బాబూ, నీకేం భయం? నీది ప్లాటినం కంపెనీ."

"యిర్మీయా గారిది కూడా గ్రీనే కదా అంకుల్, మీరు పిక్ చేసేదాకా. చరితకి విజిట్ వీసా అప్లై చేశాను. మ్యారేజ్ అయ్యాక ఫస్ట్ టైమ్ వస్తోంది. ఈ టైంలో రిస్క్ తీసుకోలేను."

లోపల చదువుకుంటున్న కీర్తన కిసుక్కున నవ్వింది. యెహోషువ టీ తాగి వెళ్ళమన్నాడు. పునీత్ టీ తాగాడు గాని, వెళ్ళేటప్పుడు షేక్‌హ్యాండ్ ఇవ్వకుండా దూరం నుంచే నమస్కారం పెట్టాడు.

రెండు రోజులకి, యెహోషువ డ్యూటీ దిగి వస్తుంటే పనివాళ్ళ క్యాంపు గేటు దగ్గర ఒక పొడుగాటి మనిషి ఎదురొచ్చాడు. పేరు హన్మాండ్లు, నిజామాబాద్ వైపు మనిషి, తాపీ మేస్త్రీ. లీగు పేర్లలో ఎప్పుడూ ఆఖరున ఉండేవాడు. ఎవరూ ఎంచుకోకపోతే గోడ దగ్గర కూర్చుని ఆట చూసి పోయేవాడు.

"అన్నా, ఒక మాట అడుగుత. నవ్వొద్దు."

"చెప్పవయ్యా."

"నువ్వు ఫస్ట్ రౌండుల ఎవర్ని తీస్కుంటే వాళ్ళకు ఎగ్జిట్ పడ్తదంట. నిజమేనానె?"

యెహోషువకి ఒళ్ళు మండింది. "నిజం కాదు. అవన్నీ పనిలేని మాటలు."

"జర నిజమే అని చెప్పరాదె" అన్నాడు హన్మాండ్లు. "గీసారి నన్ను తీస్కో."

అప్పుడు గాని యెహోషువకి ఆ మనిషి ముఖం సరిగా కనబడలేదు. గేటు పక్కన అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. హన్మాండ్లు కంపెనీ చిన్నది. ఎర్ర రంగులో పడి మూతపడింది. ఆఫీసుకి తాళం, ఎగ్జిట్ ఇవ్వాల్సిన యజమాని, అంటే కఫీల్, ఫోన్ ఎత్తడు. ఎరుపులో పడ్డ కంపెనీవాళ్ళు వేరే కంపెనీకి మారిపోవచ్చు కాబట్టి తోటివాళ్ళంతా మారిపోయారు. హన్మాండ్లు మారలేదు. మారితే మళ్ళీ కొత్త అగ్రిమెంటు, మళ్ళీ ఏళ్ళు. ఆయనకి కావలసింది ఇంకో కంపెనీ కాదు, ఇల్లు. ఇకామా అయిపోయింది, ఎగ్జిట్ కొట్టేవాడు లేడు. దొరికిన చోట తాపీ పని చేసుకుంటూ, చెక్‌పోస్టు వైపు తొంగి చూడకుండా రోజులు నెడుతున్నాడు.

"ఊళ్ళె మా కూలిపోయిన ఇల్లు మళ్ళ కడ్తున్నరన్నా. దర్వాజ నిలబెట్టుడు ఉంది. వడ్లాయన మా లచ్చవ్వను అడిగిండట, మీ ఆయన ఎత్తెంతమ్మా, తల తాకకుంట పెట్టాలె గద అని. దానికి యాదికి రాలేదట. ఫోన్ల ఏడ్సుకుంట చెప్పింది." హన్మాండ్లు క్యాంపు గేటు వైపు చూశాడు. "ఈ దేశంల నేను పెట్టిన దర్వాజలకు లెక్కలేదు. నా ఇంటి దర్వాజకు నా ఎత్తు తెల్వకపాయె."

"ఆటొచ్చా నీకు?" అన్నాడు యెహోషువ.

"కాళ్ళు అంతంతే. చేతులు మంచిగొస్తయి. కింద నుంచి ఇసిరిన ఇటుకలు పైన నిలబడి పట్టినోన్ని, బంతి పట్టనా? గోలుల నిలబెట్టు."

ఇంటికొచ్చాక యెహోషువ అన్నం సరిగా తినలేదు. ప్రేమజ్యోతికి అంతా చెప్పాడు.

"ఇందులో ఆలోచించేదేముందండీ" అంది ఆవిడ. "మీ చెయ్యి మంచిది కాదన్నారని ఇన్నాళ్ళూ కుమిలిపోయారు. ఒకడొచ్చి ఆ చెయ్యే కావాలంటుంటే వద్దంటారా?"

"చెయ్యి వేశాక ఎగ్జిట్ రాకపోతేనో? వాడు దేవుణ్ణి నమ్మినట్టు నమ్మి వచ్చాడు జ్యోతీ. రాకపోతే వాడి ముఖం నేనెలా చూడను?"

"రాకపోతే వచ్చేదాకా తిరగండి. ఆ చెయ్యి ఉంది పనిచెయ్యడానికేగా."

ఇన్నేళ్ళూ ఎగ్జిట్ వస్తుందేమోనని భయపడ్డ మనిషి, ఆ రాత్రి రాదేమోనని భయపడుతూ పడుకున్నాడు.

ఎంపిక సీతారామయ్య గారి ఫ్లాట్‌లో జరిగింది. ఆరు టీములవాళ్ళూ, ఆటగాళ్ళూ హాలు నిండా కిక్కిరిసి కూర్చున్నారు. పునీత్ ఒక మూల కళ్ళు మూసుకుని ఉన్నాడు. మొదటి వంతు గోదావరిదని సీతారామయ్య గారు ప్రకటించగానే యెహోషువ లేచాడు.

"హన్మాండ్లు" అన్నాడు.

సీతారామయ్య గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎవరండీ?"

"ఆఖరు పేరండీ. తాపీ మేస్త్రీ."

"యెహోషువ గారూ, ఫస్ట్ రౌండ్ పిక్ అలా వేస్ట్ చేసుకోకండి. ఆఖరి రౌండులో తీసుకున్నా ఆయన్ని ఎవరూ పట్టుకుపోరు."

"ఆఖరి రౌండు పనికిరాదండీ. ఆయనకి ఫస్ట్ రౌండే కావాలి."

హాలంతా గొల్లున నవ్వింది. గోదావరి కుర్రాళ్ళు తలలు పట్టుకున్నారు. పునీత్ కళ్ళు తెరిచి, నీళ్ళలోంచి తేలినవాడిలా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. వాణ్ణి జుబైల్ టీమువాళ్ళు ఎగరేసుకుపోయారు. తలుపు దగ్గర నిలబడ్డ హన్మాండ్లు మాత్రం ఎవరి నవ్వూ పట్టించుకోలేదు. యెహోషువ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసేస్తాడేమోనన్నట్టు తన చేత్తో పట్టుకున్నాడు.

కొత్తల్లుడి మర్యాదలు ఒక్కటీ తగ్గలేదు. రొయ్యల వేపుడయింది, గ్లవుసులు కొన్నాడు, ఫ్లెక్సీకి ఇచ్చాడు. ఫ్లెక్సీలు వేసే ఈజిప్టు మనిషి పొగడ్తల్లో ఘనుడు. హన్మాండ్లు ఫొటో కింద మూతపడ్డ ఆ కంపెనీ పేరు అరబ్బీలో రాసి, ఊరికే ఉండలేక 'మా సంస్థకు కీర్తి తెచ్చిన సింహం' అని తనంతట తానే ఒక ముక్క చేర్చాడు. యెహోషువకి ఆ ముక్క అర్థం కాలేదు. గోడకి కట్టేశాడు.

మర్నాడు గ్రౌండు చూసుకోవడానికొచ్చిన అబూ ఫహద్ ఆ ఫ్లెక్సీ చదివి కడుపు పట్టుకుని నవ్వాడు. యెహోషువని పిలిచి సగం అరబ్బీలో సగం హిందీలో అడిగాడు, ఈ సంస్థకి కీర్తి ఎక్కణ్ణుంచి వచ్చింది, దాని తలుపుకి తాళం పడి చాలాకాలమైంది కదా అని. యెహోషువ వెంటనే, ఆ కంపెనీవాళ్ళు మీకు తెలుసా అన్నాడు. తెలియకపోవడమేమిటి, దాని యజమాని అబూ సాలెహ్ మా బావమరిది ఇంటి మజ్లిస్ చావడిలోనే కదా రోజూ సాయంత్రం కూర్చునేది, అన్నాడు అబూ ఫహద్.

చూశారా. ఎంబసీ వాలంటీర్లు వెతికారు, తోటి పనివాళ్ళు వెతికారు, ఎవరికీ దొరకని మనిషి ఒక ఫ్లెక్సీకి దొరికాడు. మరెవరైనా అయితే మూతపడ్డ కంపెనీ పేరు వేయించడమెందుకని వదిలేసేవాడు. యెహోషువకి మర్యాదలో లోటు చేయడం చేతకాక అది ఉండిపోయింది.

ఆ వారమే అబూ ఫహద్ ఇద్దర్నీ వెంటబెట్టుకుని మజ్లిస్‌కి తీసుకెళ్ళాడు. తివాచీ మీద కూర్చోబెట్టి గహ్వా కాఫీ పోశారు, ఖర్జూరాలు పెట్టారు. అబూ సాలెహ్ ముసలాయన. హన్మాండ్లుని చూడగానే తల దించుకున్నాడు. తిట్టడానికి సిద్ధపడి వెళ్ళిన యెహోషువకి ఆయన్ని చూస్తే తిట్టు నోట్లోనే కరిగిపోయింది. కంపెనీ మునిగింది, మొహం చెల్లక ఫోన్ ఎత్తడం మానేశాను, పనివాళ్ళంతా వేరే చోటికి మారిపోయారనే అనుకున్నాను, ఒకడు మిగిలిపోయాడని తెలియదు, అన్నాడు ఆయన. లేబర్ ఆఫీసుకి స్వయంగా వస్తానని మాట ఇచ్చాడు.

మాట ఇవ్వడం వేరు, పని జరగడం వేరు. ఒకసారి సిస్టం పనిచేయలేదు. ఒకసారి ముసలాయనకి షుగరు పెరిగి రాలేకపోయాడు. ఒకసారి అన్నీ ఉంటే సంతకం చేయాల్సిన మనిషి లేడు. నరసాపురం వెళ్ళడానికి దాచుకున్న సెలవులన్నీ యెహోషువ ఆ ఆఫీసు వరండాలో ఖర్చుపెట్టేశాడు. హన్మాండ్లు మాత్రం ఒక్కసారీ దిగులుపడలేదు. "నీ చెయ్యి పడ్డదిగదన్నా, అదే వస్తది" అనేవాడు. ఆ మాట విన్న మర్నాడే యెహోషువ మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కేవాడు.

ఈలోగా గ్రౌండులో ఒక వింత జరిగింది. హన్మాండ్లు నిజంగానే బంతి పట్టాడు. ఇటుకలు పట్టిన చేతుల్లోకి బంతి వచ్చి కూర్చునేది. పక్కకి దూకడం రాదు, దూకాల్సిన పనీ లేదు, అంత పొడుగు మనిషి. గోదావరి గెలవడం పెద్దగా లేకపోయినా ఓడిపోవడం మానేసింది. ఒక మ్యాచ్ డ్రా, ఇంకోటి డ్రా, మధ్యలో ఒక గెలుపు. తలలు పట్టుకున్న కుర్రాళ్ళే ఇప్పుడు హన్మాండ్లుని భుజాల మీద మోస్తున్నారు. చివరి మ్యాచ్ జుబైల్ వాళ్ళతో. అది డ్రా చేసుకున్నా చాలు, గోదావరి సెమీఫైనల్లో ఉంటుంది.

మ్యాచ్ శుక్రవారం. గురువారం మధ్యాహ్నం ఎగ్జిట్ వచ్చింది. దమ్మాం నుంచి హైదరాబాద్‌కి దొరికిన టికెట్ శుక్రవారం సాయంత్రానికే. సరిగ్గా మ్యాచ్ వేళకి.

హన్మాండ్లు టికెట్ చేత్తో పట్టుకుని గ్రౌండుకి వచ్చాడు. "అన్నా, శనివారానికి మార్పియ్యి. ఒక్క దినమే గదా. ఆడి పోత."

నిజం చెప్పాలి. సరే అన్న మాట యెహోషువ నాలిక చివరిదాకా వచ్చింది. సెమీఫైనల్. ఫస్ట్ రౌండు వాడు ఆఖరి మ్యాచ్ దాకా. ఇన్నేళ్ళూ ఏది కోరుకున్నాడో అది ఇంకొక్క రోజు దూరంలో నిలబడి ఉంది, ఎదుటి మనిషి తనే ఇస్తానంటున్నాడు. యెహోషువ గోడకున్న ఫ్లెక్సీ వైపు చూశాడు.

"ఒక్క రోజులో ఏ సిస్టం ఏమంటుందో ఎవరికి తెలుసురా" అన్నాడు చివరికి. మొదటిసారి వాణ్ణి రా అన్నాడు. "పాత ఫైనొకటి లేస్తే? ముసలాయనకి ఏదన్నా అయితే? దర్వాజ చూసుకో పో."

"మరి గోలుల ఎవరు నిలబడ్తరు?"

"నేనున్నానుగా. హాస్టల్లో నేను గోలీనే" అన్నాడు యెహోషువ. రిజర్వు అన్న మాట మింగేశాడు.

శుక్రవారం ప్రేమజ్యోతే కారు నడిపింది. ఆడవాళ్ళు బండి నడపొచ్చన్నాక ఆవిడ లైసెన్సు తెచ్చుకుని ఎన్నాళ్ళో కాలేదు. ముందు సీట్లో కీర్తన కూర్చుంది. ఎగ్జిట్‌కి భయపడని హన్మాండ్లు వెనక సీటు ఎక్కడానికి భయపడ్డాడు.

"వదినె నడుపుతదా?"

"ఎక్కండి అంకుల్, అమ్మ నెమ్మదిగానే వెళ్తుంది. సీటు బెల్టు పెట్టుకోండి" అంది కీర్తన.

హన్మాండ్లు గ్లవుసులు విప్పి యెహోషువ చేతుల్లో పెట్టాడు. వంగి కాళ్ళకు దండం పెట్టబోతే యెహోషువ లేవనెత్తి కావలించుకున్నాడు. కారు కదిలాక ఆయన చేతులు వాటంతటవే లేచాయి. చూపుడువేలు ఆకాశం వైపు పెట్టి గుండ్రంగా తిప్పాడు. బరువు పైకెత్తమని క్రేన్‌వాడికి చేసే సైగ. వెనక అద్దంలోంచి హన్మాండ్లు అదే సైగ తిరిగి చేశాడు.

మ్యాచ్ సంగతి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. హాస్టల్ రిజర్వు గోలీ నడివయసులో మొదటిసారి గోలు స్తంభాల మధ్య నిలబడ్డాడు. పొట్ట ఒక పక్కకి వెళ్తే కాళ్ళు ఇంకో పక్కకి వెళ్ళాయి. పునీత్ కొట్టిన ఒక బంతి నేరుగా ఆయన ఛాతీకి తగిలి వెనక్కిపోయింది. గ్రౌండంతా చప్పట్లు. ఆయనకి కాసేపు ఊపిరాడలేదు గాని ముఖంలో వెలుగు చూడాలి. ఆట సగమయ్యేసరికి ఒక్క గోలూ పడలేదు. గోదావరి కుర్రాళ్ళకి ఆశ పుట్టింది.

యెహోషువ మనసు మాత్రం సగమే ఇక్కడుంది. మిగతా సగం దమ్మాం ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరుంది. అక్కడ వేలిముద్ర పెట్టగానే ఏ పాత కేసో లేస్తే, మనిషిని వెనక్కి తిప్పి పంపేస్తారు. అలా తిరిగొచ్చినవాళ్ళని ఆయన చూశాడు. ఫోన్‌ని గీత బయట కూర్చున్న కుర్రాడికిచ్చి, మోగగానే అరవమన్నాడు.

ఆట ముగియబోతుండగా ఫోన్ మోగింది. కుర్రాడు విని గట్టిగా అరిచాడు. "కోచ్ గారూ, జ్యోతక్క చేశారు. స్టాంపు పడింది. లోపలికెళ్ళిపోయాడు."

యెహోషువ అటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే పునీత్ కొట్టిన బంతి ఆయన ఇవతలి పక్క నుంచి వెళ్ళి వలలో పడింది. ఆయన ఆ బంతిని చూడనే లేదు. రెండు చేతులూ పైకెత్తి, గోలు పడ్డ గోలీ ఎవడూ నవ్వనట్టు నవ్వుతూ, వల ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. జుబైల్ వాళ్ళు పండగ చేసుకోవడం ఆపి ఆయన్నే చూస్తుండిపోయారు. పునీత్ పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, ఆర్ యూ ఓకే?" అని భుజం పట్టుకున్నాడు. ముట్టుకుంటే ఎగ్జిటన్న సంగతి వాడికి అప్పుడు గుర్తులేదు.

గోదావరి ఓడింది. సెమీఫైనల్ మళ్ళీ కలే అయింది. కుర్రాళ్ళు అలిగారు, ప్రేమజ్యోతి చేపల పులుసు పెట్టి అలక తీర్చింది.

మర్నాడు మధ్యాహ్నం హన్మాండ్లు ఫోన్ చేశాడు. వెనక కోళ్ళ చప్పుడు, ఎవరో ఆడమనిషి నవ్వు.

"దర్వాజ ఎట్లుందిరా?" అని అడిగాడు యెహోషువ.

"తల తాకిందన్నా. నొసలు బుడిపె కట్టింది. లచ్చవ్వ నవ్వుతంది, ఏడుస్తంది, పసుపు వెడ్తంది. వడ్లాయనను పిలుస్తనంటే వద్దంటంది. తాకుడే మంచిగుందట, నువ్వున్నవని తెలుస్తదట." అంతలోనే అడిగాడు, "మనం గెల్సినమా?"

"గెలిచాంరా" అన్నాడు యెహోషువ. ఆ మాటలో అబద్ధం ఉందని ఆయనకి అనిపించలేదు.

మరుసటేడు ఎంపిక రోజున యెహోషువ సీతారామయ్య గారి ఫ్లాట్ మెట్లెక్కుతుంటే, మెట్ల మీదే కొందరు కూర్చుని ఉన్నారు. ఒకడు బురైదా ఖర్జూరం తోట నుంచి ఎవరి లారీలోనో వచ్చాడు. ఒకడు డ్రైవరు. ఇంకొకడి చేతులకి ఇంకా సిమెంటు ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డారు. అందరి కళ్ళూ ఆయన చెయ్యి మీదే ఉన్నాయి.

"మీలో ఫుట్‌బాల్ ఎవరికొచ్చు?" అని అడిగాడు యెహోషువ.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన కూడా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

"సరే. ఇంటికెళ్ళి ఎన్నేళ్ళయిందో చెప్పండి" అన్నాడు. "నెమ్మదిగా, ఒక్కొక్కరే."